పైకప్పు మీద బొమ్మ

పదకొండు దాటి రెండు నిమిషాలు. ఈ పెట్టె మీద వేలం పన్నెండింటికి ముగుస్తుంది, ఆలోగా నేను మూడు మీటల్లో ఒకటి నొక్కాలి: ఆకుపచ్చది మంచి బేరం, పసుపుది చూసి కొనండి, ఎర్రది మోసం. ఇదే నా ఉద్యోగం. ఆన్‌లైన్ వేలంలో పెద్ద తెర టీవీలూ ఇళ్ళలో తయారుచేసిన ప్రొజెక్టర్లూ అమ్మకానికి పెట్టేవాళ్ళ పేజీలు చదివి, ఫోటోలు చూసి, కొనేవాళ్ళకు ఒక రంగు చూపించడం. సంస్థ మాకు పెట్టిన పేరు తీర్పరి. మొదటి రోజు ఆ మాట విన్నప్పుడు నాలో ఏదో నిటారుగా నిలబడింది; పదకొండేళ్ళ తరవాత అదే మాట వింటే వీపు వెనక ఎవరో నవ్వాపుకుంటున్నట్టు ఉంటుంది. పొద్దున్నుంచి ముప్పై ఒక్క పేజీలు చూశాను. డెబ్బై అంగుళాల టీవీ అని తాటికాయంత అక్షరాలు, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, అమ్ముతున్నది టీవీ కాదు, ఉన్న టీవీని డెబ్బై అంగుళాలుగా చూపే అట్టపెట్టెను ఎలా చేసుకోవాలో చెప్పే నాలుగు కాగితాలు మాత్రమే అని. ఎరుపు. తెర మీద ఒకే ఒక్క గీత ఉంది అని రాసి, ఫోటోలో ఆ గీతకు అడ్డంగా పూలకుండీ పెట్టినవాడు. కుండీలోని పువ్వు కూడా ప్లాస్టిక్‌దే. ఎరుపు. చెప్పుల డబ్బాకు భూతద్దం అతికించి, సినిమా హాలు మీ పడకగదిలోకి నడిచొస్తుంది అన్నవాడు. ఎరుపు. నాకు రోత పుట్టేది మోసం వల్ల కాదు, మోసంలోని బద్ధకం వల్ల. అబద్ధమాడేవాడు ఎదుటివాణ్ణి కనీసం తనంత తెలివైనవాడిగా గౌరవించాలి. వీళ్ళు ఆ పాటి మర్యాద కూడా చెయ్యరు. ఇంత రోత పోగుచేసుకున్న మనిషికి ఏదో ఒక శుభ్రత మిగిలి ఉండాలి అనుకుంటూ వచ్చాను, సబ్బు ముక్క జేబులో వేసుకుని తిరిగేవాడు తాను స్నానం చేసినట్టే అనుకున్నట్టు.

ముప్పై రెండోది ఈ పెట్టె. చెక్క పెట్టె, మోకాలెత్తు, ముందువైపు పళ్ళెమంత కటకం, పై పలక మీద వరసగా తొలిచిన చిల్లులు. పాత మానిటరు తెరను విప్పి లోపల నిలబెట్టి, దాని వెనక పెద్ద దీపం పెట్టి, ఒక చిన్న ఫ్యాను బిగించి, ఆ బొమ్మను గోడ నిండా పడేసే రకం. శుభ్రంగా చేసిన పని. మూలలు అతుకు కనబడకుండా కలిశాయి, స్క్రూల తలలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. స్క్రూల తలలు ఒకే వైపు తిప్పి ఆపే మనిషిని నేను ఈ లోకంలో ఒక్కణ్ణే చూశాను. రెండో ఫోటోలో గోడ మీద సముద్రం, నీలంగా, అరచేయి పెడితే తడుస్తుందేమో అన్నట్టు. అది వంటింటి గోడ. సముద్రానికి ఎడమ పక్కన అల్మరా తగిలించే ఇనప కొక్కెం, దాని కింద తడికి ఉబ్బిన సున్నం, పడుకున్న ఒంటె ఆకారంలో. ఆ ఒంటె తల మాత్రమే ఫోటోలో ఉంది. మూపురం ఉండవలసిన చోట సముద్రం చదునుగా ఉంది. నిజంగా గోడ మీద పడే వెలుగు గోడను దాచదు. ఉబ్బు ఉంటే బొమ్మా ఉబ్బుతుంది, చిల్లు ఉంటే బొమ్మలోనూ చిల్లు పడుతుంది. ఈ సముద్రానికి గోడతో పరిచయం లేదు. ఎక్కడినుంచో తెచ్చి అతికించారు. పేజీలో అమ్మేవాడి పేరు ఉండదు, ఒక సంఖ్య ఉంటుంది. నాకు సంఖ్య అక్కర్లేదు. ఆ గోడకు ఆనుకుని కూర్చుని నేను భోజనం చేసిన ఆదివారాలు ఎన్నో. ఆ పెట్టె మా అన్నయ్యది.

ఈ పేజీ నా దగ్గరికి వచ్చి ఆరు రోజులైంది. మొదటి రోజే ఒంటె తల చూశాను. మూడు మీటల కింద బూడిద రంగులో నాలుగోది ఉంటుంది, తరవాత అని. అది నొక్కితే పేజీ వరస చివరికి వెళ్ళి మర్నాడు పొద్దున మళ్ళీ తిరిగొస్తుంది. ఆరు పొద్దులు ఆరుసార్లు తరవాత నొక్కాను, ప్రతిసారీ ఇంకేదో అత్యవసరమైన పని గుర్తొచ్చినట్టు ముఖం పెట్టి. ఎవరూ చూడని గదిలో ఎవరికోసం ఆ ముఖం పెట్టానో తెలియదు. వేలం చివరి గంటలో ఆ నాలుగో మీట మాయమవుతుంది. అమ్మేవాడు సరుకు వెనక్కి తీసుకునే వీలూ అప్పుడే మూసుకుపోతుంది. మిగిలేవి నేనూ మూడు రంగులూ. సొంతవాళ్ళ సరుకు మీద తీర్పు చెప్పకూడదని నియమం ఉంది, ఇంకో తీర్పరికి బదిలీ చెయ్యాలి. ఆ ఇంకో తీర్పరి సెలవులో ఉన్నాడు, బదిలీ చేస్తే ఈ పేజీ రేపటి దాకా రంగు లేకుండా పడుంటుంది, ఈలోగా పెట్టె అమ్ముడైపోతుంది. నా చేతులకు మసి అంటదు. నియమం పాటించిన తృప్తి కూడా దక్కుతుంది. ఈ నియమాలు రాసినవాడికి మనిషి లోపల ఏ మూల ఏ తలుపు ఉంటుందో బాగా తెలుసు.

అన్నయ్యది ఒట్టి అందమైన అబద్ధమే అయ్యుంటే పసుపు నొక్కి లేచేదాన్ని. కానీ పేజీ అడుగున ఒకరు ప్రశ్న అడిగారు. అడిగినవారి పేరు నీలిగొడుగు. ఈ లోకంలో అందరికీ ఇలాంటి పేర్లే. "మా అమ్మ మంచం మీదే ఉంటుందండీ, పక్కకి కూడా తిరగలేదు. బొమ్మ పైకప్పు మీద పడేలా ఈ పెట్టె పెట్టుకోవచ్చా?" దాని కింద అన్నయ్య జవాబు: "నిక్షేపంలా పెట్టుకోవచ్చండి." మళ్ళీ నీలిగొడుగు: "పగలంతా వేసి ఉంచచ్చా? మేము పనికి వెళ్ళిపోతాం." జవాబు: "వేసుకోండి, ఏం కాదు." ఈ రెండు ప్రశ్నలనూ రెండు జవాబులనూ ఆరు రోజులుగా చదువుతున్నాను. ప్రస్తుతం వేలంలో అందరికన్నా ముందున్నది నీలిగొడుగే. పెట్టె నిలబడి ఉన్నప్పుడు దీపం వేడి పై చిల్లుల్లోంచి పోతుంది. పెట్టెను వెల్లకిలా తిప్పితే చిల్లులు పక్కకు పోతాయి, దీపం అడుగుకు చేరుతుంది, వేడి తిన్నగా పైకి లేచి తెరనూ ఆ పైన ప్లాస్టిక్ కటకాన్నీ పట్టుకుంటుంది. పక్కనే మంచం మీద తిరగలేని మనిషి, ఇంట్లో ఎవరూ ఉండరు. ఇది తెలుసుకోవడానికి తీర్పరి కానక్కర్లేదు, పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసినవాళ్ళెవరైనా చాలు. అన్నయ్య ముప్పై ఏళ్ళు టీవీలు బాగుచేశాడు. తెలియక రాశాడా, తెలిసి రాశాడా. ఆరు రోజులు నేను తిప్పి తిప్పి చూసింది ఈ ఒక్కటే, అదేదో నా తీరిక సమయానికి దొరికిన తత్వ విచారమన్నట్టు.

"ఏంటండీ, ఇందాకటి నుంచి ఒకే పెట్టె ముందున్నారు? పెంచుకుందామనా?" మా పై అధికారి. ఆయన్ని మేము వెనకాల పూర్ణవిరామం అంటాం, ఎవరు ఏం మొదలుపెట్టినా దాని చివర వచ్చి నిలబడతాడు గనక. చేతిలో ఖాళీ కప్పు.

"చూస్తున్నానండీ."

"చూడ్డం కొనేవాళ్ళ పని. మనం చూశామనిపించుకుంటే చాలు. పసుపు కొట్టెయ్యండి. పసుపు కొట్టినందుకు ఇంతవరకూ ఎవరి ఉద్యోగమూ పోలేదు."

"చూసి కొనండి అంటే, ఇక్కడ కూర్చుని వాళ్ళు ఎలా చూస్తారండీ?"

ఆయన కప్పులోకి చూశాడు, జవాబు అడుగున మిగిలిందేమో అన్నట్టు. "మీరు పుస్తకాలు తగ్గించాలండీ" అని వెళ్ళిపోయాడు. ఆయన మీద రోత పెంచుకోబోయాను, అలవాటు కొద్దీ. కానీ ఆయన చెప్పిన పసుపు రంగును నేను ఆరు రోజులుగా వేరే పేరుతో నొక్కుతూనే ఉన్నాను. ఆయనకూ నాకూ తేడా ఏమిటంటే, ఆయన ఆ పని చేస్తూ తనను తాను గమనించుకోడు.

పేజీలో మొదటి వాక్యం దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు అమ్మబడును. ఈ వ్యాపారంలో ఇంతకన్నా పాడు మాట లేదు. దానికి అర్థం, విరిగినా మరిగినా నన్నడక్కు అని. వెనక్కి తీసుకోము, జవాబు చెప్పము, మీ ఖర్మ. నా ఇరవైల్లో ఆ మాటకు నాకు వేరే అర్థం ఉండేది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం. ఇష్టం కలపకుండా, భయం కలపకుండా చూడగలిగితే ఇక చెయ్యవలసిందేమీ లేదు అనుకుని, ఆ ఒక్క వాక్యం కోసం ఎన్ని పుస్తకాలు చదివానో. అన్నయ్య దుకాణంలో వెనక బల్ల మీద కూర్చుని చదివేదాన్ని, చుట్టూ విప్పేసిన టీవీలు, పొట్టలు తెరుచుకుని. లావు టీవీల కాలం అది. తరవాత పలచటివి వచ్చాయి, బాగుచెయ్యడం కన్నా పారెయ్యడం తేలికైంది, దుకాణం అద్దెకు మరొకరు వచ్చారు, అన్నయ్య బల్లా స్క్రూలూ వంటింట్లోకి చేరాయి. అప్పుడే అడిగాడు: "ఏం రాస్తే మీవాళ్ళు ఊరుకుంటారే, తీర్పరీ?" నేను నవ్వుతూ చెప్పాను. ఉన్నది ఉన్నట్టు అని రాయి, ఎవరూ ఏమీ అనరు. నేనే చెప్పాను. నా పుస్తకాల్లోంచి అత్యంత పవిత్రమైన మాట తీసి, వంటింటి బల్ల మీద, పాడైన సరుకు మీద కప్పడానికి గుడ్డలా అతని చేతికిచ్చాను, ఇచ్చి ఆ చమత్కారానికి నేనే ముచ్చటపడ్డాను. ఇన్నాళ్ళూ ఈ పేజీల్లో ఆ మాట కనబడిన ప్రతిసారీ నాకు రోత పుట్టింది. ఆ రోతలో పొరుగువాడి మురికి ఎంతో నా మురికి ఎంతో విడదీసి చూడలేదు. విడదీస్తే రోత చప్పబడిపోతుంది, అది చప్పబడితే నాకు ఉద్యోగం తప్ప ఏమీ మిగలదు.

పదకొండూ ఇరవై ఆరు. ఫోను చేశాను. వదిన ఎత్తింది.

"ఏంటి, పనివేళలో గుర్తొచ్చాం?"

"అన్నయ్య ఏడి వదినా?"

"ఎక్కడుంటాడు, నా వంటింట్లో. స్టవ్వు పక్కన స్క్రూలు, పంచదార డబ్బాలో స్క్రూలు. నిన్న టీలో ఒకటొచ్చింది. చిన్నదే కాబట్టి బతికిపోయా. ఇదిగో, ఇస్తున్నా."

"చెప్పమ్మడూ."

"ఆ గోడ మనదే కదా అన్నయ్యా."

స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. తరవాత, "ఏ గోడ?"

"ఒంటె ఉన్న గోడ."

"ఓ, పేజీ నీ దగ్గరికే వచ్చిందా? ఇంకేం మరి. పచ్చది నొక్కెయ్."

"ఫోటో అతికించావు."

"అతికించా. బొమ్మ బానే పడుతుందే. ఫోనుతో తీస్తే తెల్లగా పాలిపోయి వస్తోంది, నలభైసార్లు తీశా. కంటికి కనిపించింది ఫోటోలో కనిపించట్లా. అందుకని కంటికి ఎలా ఉందో అలాగే పెట్టా. ఉన్నది ఉన్నట్టు చూపిద్దామనే అతికించానే."

వెలుగును ఫోటో తీస్తే పాలిపోతుంది, నిజమే. పదకొండేళ్ళుగా పాలిపోయిన బొమ్మలున్న పేజీలకు నిజాయితీ ఉందని ఆకుపచ్చ ఇస్తూ, మెరిసే బొమ్మలకు ఎరుపు ఇస్తూ వచ్చాను. నిజం అలా ఉంటుందని నేనే ఒక రంగు కేటాయించుకున్నాను. కానీ దాని గురించి ఆలోచించడానికి ఇది వేళ కాదు. ఇలా ప్రతిదాన్నీ ఆలోచనగా మార్చుకునే కదా ఆరు రోజులు గడిపాను.

"పైకి తిప్పి చూశావా?"

"ఎటు?"

"పైకప్పు మీదికి. నిక్షేపంలా పెట్టుకోవచ్చు అని రాశావుగా, వాళ్ళమ్మ కోసం అడిగితే."

"తిప్పితే పడదా ఏంటి? బొమ్మకి గోడైతేనేం, కప్పైతేనేం."

"తిప్పి చూశావా అని అడుగుతున్నా."

"లేదు."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. తెలిసి రాశాడా తెలియక రాశాడా అని నేను తవ్విన గుంతలో ఇద్దరు పట్టే చోటుంది, అతను ఆ దరిదాపుల్లో కూడా లేడు. ముప్పై ఏళ్ళు నిలబడి ఉన్న టీవీలనే బాగుచేశాడు. పడుకోబెట్టిన టీవీని ఎవరూ ఎప్పుడూ అతని దగ్గరికి తేలేదు. పైకి చూస్తూ బతికేవాళ్ళుంటారన్నది అతని చేతులకు తెలియదు, అంతే.

"ఇప్పుడు తిప్పు. దీపం వేసి ఉంచు. నేను లైన్లోనే ఉంటా."

కుర్చీ జరిగిన చప్పుడు. వదిన ఏదో గిన్నె తీస్తోంది, "మళ్ళీ ఏం మొదలెట్టారు" అంటోంది. ఫ్యాను తిరగడం మొదలైంది, సన్నటి ఈల. ఫోను బల్ల మీద పెట్టినట్టున్నాడు, గొంతు దూరంగా వచ్చింది: "పడిందే, పడింది. చేపల వీడియో పెట్టా. ఇలా రావోయ్, పైకి చూడు." వదిన, "మెడ పట్టేస్తోంది" అంది. తరవాత గాజులు నేలకు తగిలిన చప్పుడు, పడుకుంది కాబోలు. "అబ్బ, ఎన్ని చేపలండీ" అంది వదిన, నేను ఎన్నడూ వినని గొంతుతో. నేను కార్యాలయం కప్పుకేసి చూశాను. ట్యూబులైటు, దాని పక్కన నీరు కారిన మరక, దాన్ని పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా చూసినట్టు లేను. పక్కకు తిరగలేని మనిషికి ఇల్లంటే ఇదే, ఒక పలక. ఇంట్లో అందరూ ఆమె ముఖం చూస్తారు, ఆమె చూసేదాన్ని చూడాలని ఎవరికి తోస్తుంది? నీలిగొడుగుకు తోచింది. ఆ కూతురో కొడుకో ఏదో ఒక రోజు ఆ మంచం మీద పడుకుని పైకి చూసి ఉండాలి, లేకపోతే ఆ ప్రశ్న రాదు. పదకొండేళ్ళలో వేల పేజీల అడుగున వేల ప్రశ్నలు చదివాను. వాటిలో ఎవరైనా ఏదైనా అడుగుతున్నారని నాకెప్పుడూ అనిపించలేదు, అమ్మేవాడి అబద్ధానికి వంత పాడుతున్నారనుకున్నాను.

పదకొండూ నలభై మూడు. "ఏమైనా వాసన వస్తోందా?"

"లేదు. నీదంతా అనుమానం."

"దువ్వెన కాలినట్టు లేదూ?" వదిన గొంతు, కింది నుంచి.

"అది పక్కింటిది."

"పక్కింటివాళ్ళు దువ్వెనలు కాల్చుకుంటారా ఏంటి?"

ఫ్యాను ఈల బరువెక్కింది. మళ్ళీ వదినే అంది: "ఏవండీ, ఆ చేప అలా సాగుతోందేంటి? పామైపోతోంది." కటకం మెత్తబడింది. అన్నయ్య చూస్తున్నాడని నాకు తెలుసు, నోరు కొద్దిగా తెరిచి. ఏదైనా తన చేతిలో తప్పినప్పుడు అతను అలాగే చూస్తాడు, కోపంతో కాదు, కొత్తది నేర్చుకుంటున్నట్టు.

ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మడూ. పేజీ తీసేద్దామంటే తియ్యనివ్వట్లేదు."

"చివరి గంటలో నీకు వీలు పడదు. ఆపాలంటే ఎర్రది ఒక్కటే దారి."

"ఎర్రదంటే నా పేజీలన్నీ పోతాయిగా. ఇక అక్కడ ఏదీ పెట్టలేను."

"పెట్టలేవు."

"పొరపాటు అని ఒక మీట లేదా?"

"లేదు."

"పదకొండేళ్ళు కూర్చున్నావు. ఒక్క మీట పెట్టించలేకపోయావా?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు, పనిముట్ల పెట్టెలో ఉండవలసినది లేకపోతే అడిగినట్టు. ఆ మీట అవసరమని నాకు ఎన్నడూ తట్టలేదు. నా లోకంలో మంచివాళ్ళున్నారు, దొంగలున్నారు, మధ్యలో పసుపు రంగు ఉంది. పొరపాటుపడే మనిషికి అక్కడ చోటు లేదు.

"ఆ అడిగినవాళ్ళకి ఏం కనిపిస్తుంది?" అన్నాడు.

"ఎర్ర అక్షరాల్లో మోసం అని."

"అంటే వాళ్ళమ్మ సంగతి తెలిసి తెలిసి రాశాననుకుంటారు."

"అవును."

పదకొండూ యాభై ఒకటి. ఎవరో వేలంలో ధర పెంచారు. నీలిగొడుగు మళ్ళీ దాన్ని దాటింది. ఆ అంకె పెరగడం చూస్తూ కూర్చున్నాను. అన్నయ్య ఊపిరి వినిపిస్తోంది.

"నొక్కు" అన్నాడు.

ఎర్రది నొక్కాను. అది ఒక చిన్న గడి తెరిచింది: కారణం. మామూలుగా అందులో పడే పాత వాక్యాల్లో ఒకటి ఎంచుకుంటాం, సరుకు వివరణతో సరిపోలలేదు అని. నేను ఆ గడిలో సొంతంగా ఒక్క అక్షరం కొట్టిన రోజు లేదు.

"ఏం రాయమంటావు?"

"తిప్పి చూడలేదని రాయి."

రాశాను. అమ్మేవారు పెట్టెను పైకి తిప్పి చూడకుండా జవాబు చెప్పారు. ఇప్పుడు తిప్పి చూశారు, కాలుతోంది. మీ అమ్మగారి దగ్గర పెట్టకండి. అక్కడ ఆగాలి. ఆగితే అది తీర్పు. చెయ్యి మీట దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఇంకో వాక్యం కొట్టాను: ఈ పేజీ ఆరు రోజులుగా తీర్పరి దగ్గర ఉంది, తీర్పరి అమ్మేవారి చెల్లెలు. సొంత సరుకు నియమం గుర్తొచ్చింది, కప్పు పట్టుకుని పూర్ణవిరామం రేపు నా చివర వచ్చి నిలబడడం గుర్తొచ్చింది. పంపు అని ఉన్నచోట నొక్కాను. పేజీ మొత్తం ఎర్రబడింది, ఆ ఎరుపులో సముద్రం, సముద్రం పక్కన ఒంటె తల.

"పోయిందా?" అన్నాడు అన్నయ్య.

"పోయింది. నువ్వు ఆపావా?"

ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఆపుతా" అన్నాడు, గొంతు తగ్గించి. "మీ వదిన ఇంకా లేవలేదు, చేపల్నే చూస్తోంది."